లోకనాథ్‌కి వేసిన ఆకు

ఆ ఏడు గుడుపల్లె పక్కన ఎండ ఎట్టా కాసిందంటే, పెద్దల అమావాస్యకి ఇళ్ల మీద వాలిన కాకులు మెతుకులు వదిలేసి నీళ్లు వెతుక్కున్నాయి. మిట్టమధ్యాహ్నం. ఆదెప్ప ఇంట్లో ఆయన భార్య తాయమ్మ పొద్దున్నుంచి పొయ్యి దగ్గరికి ఈగను కూడా రానీకుండా ఒక్కతే వండుతోంది.

వండేది కొడుకు లోకనాథ్‌కి. ఎండాకాలంలో కార్గిల్ యుద్ధానికి పోయి, అక్కడి మంచుకొండల్లోనే చనిపోయాడని కబురొచ్చింది. వారానికి కుప్పం స్టేషన్లో జెండా కప్పిన పెట్టె దిగింది. ఆ రోజు జనం ఎంతమందంటే, కదలడానికి దారి దొరక్క రైలే గంటసేపు కూతలు పెట్టి గొంతు పోగొట్టుకుంది. వెంట వచ్చిన ఆఫీసరు ఒక్కటే మాట చెప్పాడు, "పెట్టె తెరవకండి. చూడలేరు."

తెరవలేదు. సొంత చేన్లోనే పూడ్చారు. తుపాకులు పేల్చి వందనం చేశారు. ఊరివాళ్లు బడి ముందర లోకనాథ్ ఫొటో పెట్టి, రోజుకొక దండ వేస్తున్నారు. తాయమ్మ మాత్రం ఒక్క పువ్వు పెట్టలేదు. "నేను నా కండ్లతో సూడలా. సూడని సావుకి దండేంది?" అని మొండికేసింది.

వాళ్ల ఇళ్లలో ఒక ఆచారం ఉంది. పోయినవాళ్లకి ఇష్టమైనవి వండి, లోపలి గదిలో ఆకు వేసి వడ్డించి, పక్కన కొత్త బట్టలు పెట్టి తలుపు మూస్తారు. అందరూ బయట కూర్చుంటారు. నోరెత్తకూడదు. కాసేపటికి ఇంటి పెద్ద దగ్గి, తలుపు తీస్తాడు. ఆకులో అన్నం కదిలి ఉంటే, పోయినవాళ్లు వచ్చి తిన్నట్టు.

కదలకపోతే?

మనిషి యాడనో బతికుండాడని తాయమ్మ నమ్మకం.

కోడలు అమరావతి ఆకు చూసి బిత్తరపోయింది. పొట్టేలు కూర లేదు. బెల్లం పెట్టిన ఓలిగలు లేవు. ఆకు నిండా కాకరకాయే.

"అత్తా, ఆయనకి దాని వాసనే గిట్టదు కదా!"

"నాకు తెలీదామ్మీ? పెంచింది నేను."

"మళ్ల యాల వండితివి?"

తాయమ్మ గుసగుసగా చెప్పింది. "రాకూడదని. మీ మామకి చెప్పినావో, నీ జుట్టు నా చేతిలో ఉంటాది."

తలుపు మూశారు. ముగ్గురూ వాకిట్లో కూర్చున్నారు. వీధిలో ఎక్కడో మేక అరిచి ఊరుకుంది. తాయమ్మ గుండె చప్పుడు కోలారు దాకా వినబడేటట్టు కొట్టుకుంటోంది.

ముందు వాసన వచ్చింది. తడిసిన కంబళి వాసన. దాని వెనకే కాలిన తుపాకి మందు వాసన. తలుపు కింద నుంచి చల్లగాలి పాకుతూ వచ్చి కాళ్లని తాకింది. నిప్పులు చెరిగే ఆ ఎండలో ఆదెప్ప నోట్లోంచి తెల్లగా ఆవిరి వచ్చింది.

టక్... టక్... టక్...

బూట్లు.

ఆకు గలగలమంది. తర్వాత... నమలడం. ఎన్నాళ్లనుంచో తిండి చూడనివాడు ఆబగా మింగుతున్నట్టు.

తాయమ్మ మొహం పాలిపోయింది. వచ్చేశాడు. తింటున్నాడు. కొడుకు లేడన్న మాట నిజమే... అంతలోనే ఆమె కండ్లు మెరిశాయి.

"మనోడు కాదయ్యా!"

"మే, నోరు ముయ్యి!" ఆదెప్ప గొణిగాడు.

"కాకరకాయ తింటాండాడు సూడు! మనోడు సచ్చినా దాన్ని నోట్లో పెట్టడు. నా కొడుకు బతికుండాడు!"

ఆదెప్ప ఆమె వైపు తిరిగాడు. "అట్టయితే... మన చేన్లో ఎవుర్ని పూడ్చినామే?"

తాయమ్మ నవ్వు ఆగిపోయింది.

ఎవరో తల్లి. ఏ ఊర్లోనో. మెతుకు కదలని ఆకు ముందర కూర్చుని ఉంటుంది.

తాయమ్మ తలుపుకి నోరు ఆనించింది. "ఎవురి బిడ్డవప్పా నువ్వు? మీ యమ్మ యాడుండాది?"

నమలడం ఆగింది.

లోపల ఏదో గుసగుస. ఏ భాషో తెలియదు. చివర్న అమ్మని పిలిచినట్టు ఒక్క "మా" మాత్రం తెలిసింది.

ఆదెప్ప దగ్గాడు. తలుపు తీశాడు.

గదిలో ఎవరూ లేరు. ఆకు కడిగినట్టుంది. కిటికీ దగ్గర్నుంచి ఆకు దాకా తడి బూట్ల జాడలు. మళ్లీ ఆకు నుంచి కిటికీకి. తాయమ్మ చేతులు జోడించింది.

"ఎవురి బిడ్డవైతేనేం నాయనా. ఆ చేను నీదే అనుకో. నేనుండే దాకా నీకు ఆకు ఏస్తా. ఆ ఫొటో పక్కన నీకూ దండ ఏస్తా."

అమరావతి ఆమె మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగేటట్టు.

"అత్తా... ఆ మూల..."

గది మూలలో ఇంకో రెండు తడి జాడలు. బూట్లవి కాదు. వట్టి పాదాలు. వేళ్లు గోడ వైపు. అక్కడికి వచ్చిన జాడ లేదు. పోయిన జాడా లేదు. ఎవరో కాకరకాయ వాసన గిట్టక ఆకుకి వీపు తిప్పి, అంతసేపూ అక్కడే నిలబడినట్టు...

"ఎవురివే అవి?" ఆదెప్ప అడిగాడు.

ఆ పాదాల చుట్టూ నీళ్లు ఇంకా పాకుతూనే ఉన్నాయి.

వాళ్లు చూస్తుండగానే, వాటి పక్కన నేల మీద మరో తడి పాదం మెల్లిగా పడింది.

ఈసారి వేళ్లు ఇటువైపు ఉన్నాయి.