జ్ఞానయ్య సద్దిగిన్నె

రోజూ మాత్ర మింగే మనిషికి, మాత్ర మింగనివాడికి వచ్చే జబ్బు వచ్చింది. వినీల చెప్పిన సంగతంతా కుదిస్తే తేలింది ఇదీ.

అది 1997 మార్చి. ఆరాంఘర్ చౌరస్తాలో బియ్యం దుకాణం పైనున్న రెండు గదుల ఆఫీసుకు ఆమె బుధవారం పొద్దున వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. డిటెక్టివ్ మల్లేశ్వర్ లేచి, కుర్చీని తనే ఫ్యాను కిందికి జరిపి, కుండలోని నీళ్లు ముంచి ఇచ్చాడు. ఆ తర్వాతే ఆమె కూర్చుంది. ఆయన సహాయకురాలు రేణుకమ్మ నోటుబుక్కు తెరిచింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఇరవై ఏళ్లు గొంతులు విన్న మనిషి ఆమె. ఏడుపు మింగుకుంటున్న గొంతును వెంటనే ప్రశ్నలు అడగకూడదని మాత్రం ఆయన దగ్గరే నేర్చుకుంది.

వినీల శంషాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. భర్త కాలేబు లారీ డ్రైవరు, ఇప్పుడు నాగపూర్ దారిలో ఉన్నాడు. తొండుపల్లిలో అత్తమామలతో ఉంటుంది. మామ జ్ఞానయ్యకు అరవై నాలుగేళ్లు. గగన్‌పహాడ్‌లో ఒక గోదాముకు పగటి వాచ్‌మన్. రెండేళ్ల కింద ఆయన గుండె లయ తప్పింది. అట్లా తప్పిన గుండెలో నెత్తురు నిలిచి గడ్డ కడుతుందనీ, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుందనీ చెప్పి, డాక్టరు వార్ఫరిన్ మాత్ర రాసిచ్చాడు. దాని పని ఎక్కువైతే కారిన నెత్తురు ఆగదు, తక్కువైతే లోపల గడ్డ కడుతుంది. అందుకే నెలనెలా నెత్తురు పరీక్ష. అంకె రెండుకూ మూడుకూ మధ్య ఉండాలి. రోజూ రాత్రి ఎనిమిదికి బీరువా తాళం తీసి ఆ మాత్ర ఇచ్చేది వినీలే.

మొన్న సోమవారం జ్ఞానయ్య మంచం దిగబోయి కూలిపోయాడు. కుడి చెయ్యి లేవలేదు. మాట ముద్దయింది. పరీక్ష చేస్తే అంకె ఒకటీ పాయింటు రెండు.

"మాత్ర మింగనోళ్లకు గట్ల ఉంటదని డాక్టరు మా బావ ముంగటనే అన్నడు సార్," అంది వినీల.

బావ ప్రేమ్ రాజ్ జ్ఞానయ్య పెద్ద కొడుకు, బడంగ్‌పేట్‌లో ఉంటాడు. మరదలు మాత్రలు మార్చి ఇచ్చిందని కాగితం రాసి పెట్టుకున్నాడు. వచ్చే సోమవారం ఆమె పనిచేసే దవాఖానలో ఇస్తాడట.

"నౌకరి పోతే పోతది సార్, ఎట్లనో బతుకుత. కని మామను సంపబోయిందని పేరొస్తే, ఇగ ఏ రోగి నా చేతితోని మందు తీసుకుంటడు?"

అనుమానం ఆమె మీదికే ఎందుకు పోయిందని మల్లేశ్వర్ అడిగాడు. వినీల తల వంచుకుంది. జ్ఞానయ్య వాళ్ల చర్చి సంఘంలో పెద్ద. ఈస్టరుకు ముందు నలభై దినాలు మాంసం, గుడ్డు ముట్టకుండా ముప్పై అయిదేళ్లుగా ఉపవాసం ఉంటున్నాడు. మందు మొదలైనప్పటి నుంచి, తమకు చెప్పకుండా తిండి మార్చవద్దని డాక్టరు హెచ్చరించాడు. నిరుడు ఆ రోజుల్లో జ్ఞానయ్య దవాఖానలోనే ఉన్నాడు గనుక మాట రాలేదు. ఈ ఫిబ్రవరిలో ఆయన ఉపవాసమంటే వినీల వద్దంది. అందరి ముందూ మాటామాటా పెరిగింది.

"నా మాట వినకుంటే నీ మాత్రలు నువ్వే చూసుకో అన్న సార్. గా మాటనే పట్టుకున్నరు."

"మరి ఉపవాసం?"

"మానేసిండు. కోడికూరనో గుడ్డో పెట్టి రోజు సద్ది కట్టిన. గిన్నె ఖాళీగనే వచ్చేది."

మరునాడు ఇద్దరూ తొండుపల్లి వెళ్లారు. మల్లేశ్వర్ మాత్రల అట్టలు లెక్కపెట్టాడు. తేదీలకు సరిపోయాయి. వినీల దవాఖానలో అదే డబ్బాలోంచి మాత్రలు తీసుకున్న ఇంకో రోగి సంగతి కనుక్కోమంటే, రేణుకమ్మ ఎస్టీడీ బూత్‌కు పోయి ఫోన్ చేసి వచ్చింది. ఆ రోగి అంకె రెండున్నర, సరిగ్గా ఉంది. జ్ఞానయ్య పరీక్షల పుస్తకంలో ఫిబ్రవరి మొదటి వారం వరకూ అన్నీ మంచి అంకెలే. మార్చి గడి ఖాళీ. ఈస్టరు అయినంక పోదామని ఆయనే వాయిదా వేశాడట.

దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన జ్ఞానయ్య కిటికీ పక్కన మంచం మీద మెలకువగానే ఉన్నాడు. రోజూ రాత్రి కోడలు ఇచ్చిన మాత్ర మింగారా అని అడిగితే గట్టిగా తల ఊపాడు.

"బాపుకు సోయి ఏడున్నది సార్," అన్నాడు ప్రేమ్ రాజ్. "ఏది అడిగినా గట్లనే ఊపుతడు."

మల్లేశ్వర్ మంచం మీదికి వంగాడు. "పెద్దాయనా, మీ పేరు యాకోబా?"

జ్ఞానయ్య మొహం చిట్లించి అడ్డంగా తల తిప్పాడు. మీది తొండుపల్లేనా అంటే నిలువుగా ఊపాడు.

గడ్డం చేయడానికి మంగలి కుర్మయ్య వచ్చాడు. మల్లేశ్వర్ అతన్ని కాసేపు మాటల్లో పెట్టాడు. నిరుడంతా ఈయనకు చిన్న గాటు పడితే పావుగంట పటిక అద్ది కూర్చునేవాడినని కుర్మయ్య చెప్పాడు. ఈ మూడు నాలుగు వారాల నుంచి గాటు తుడిచేలోపే నెత్తురు ఆగిపోతున్నదట. పానం కుదుట పడుతున్నదని సంతోషించాడట పాపం.

వంటింట్లో రేణుకమ్మ కళ్లు ఒక గిన్నె దగ్గర ఆగాయి. చుట్టూ అన్నీ నల్లబారిన సత్తు గిన్నెలు. మూత ఉన్న ఇత్తడి సద్దిగిన్నె ఒక్కటి కొత్త బిందెలా మెరుస్తున్నది. జ్ఞానయ్య భార్య సరోజమ్మను అడిగింది.

"గది ఆయననే తోముకొస్తుండమ్మా," అంది సరోజమ్మ. "నలభై ఏండ్ల కాపురంల తిన్న పళ్లెం తియ్యని మనిషి. ఈ నెల సంది గిన్నె తోముకొస్తుంటే, ఇన్నాళ్లకు దేవుడు బుద్ధిచ్చిండనుకున్న. రాత్రిపూట మాత్రం ఆకలి లేదని రొట్టె ముక్కతోని పండుకునేది."

రేణుకమ్మ ఆ మాట చెప్పగానే మల్లేశ్వర్ చెప్పులు వేసుకున్నాడు.

గగన్‌పహాడ్‌లో గోదాముకు ఎదురుగా, రోడ్డు వారన జ్ఞానయ్య దోస్తు సఖావత్ పంక్చరు దుకాణం ఉంది. వెనకనే ఇల్లు. పెరట్లో అతని భార్య సురయ్యా చింతపండు, బూడిద పెట్టి ఇత్తడి చెంబు తోముతున్నది. ఆమె పక్కన రెండు పాలకూర మళ్లు మొదళ్ల దాకా కోసి ఉన్నాయి. మల్లేశ్వర్ మళ్ల వైపు చూశాడు, రేణుకమ్మ చెంబు వైపు చూసింది.

జ్ఞానయ్య పగలు ఎక్కడ తినేవాడని అడిగితే సఖావత్ చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. దోస్తు పడిపోయాడని విన్నాడు, చూడబోయే ధైర్యం రాలేదు.

"చెప్పలేను సాబ్. మాటిచ్చిన."

మల్లేశ్వర్ బలవంతపెట్టలేదు. "ఆ మాట వల్ల ఆయన కోడలి మీద నింద పడింది. ఆదివారం పగలు మీరిద్దరూ తొండుపల్లి రండి. చెప్పాలో వద్దో జ్ఞానయ్యనే అడగండి," అన్నాడు.

ఆ ఆదివారం, ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల పండుగ. ప్రార్థన ముగిసి అందరూ ఇంటికి చేరాక, మంచం చుట్టూ కూర్చున్నారు. వినీల తలుపు దగ్గర నిలబడింది. సఖావత్ మంచం పట్టె మీద చెయ్యి పెట్టి, చెప్పనా భాయ్ అని మెల్లగా అడిగాడు. జ్ఞానయ్య కళ్లు మూసుకుని తల ఊపాడు.

"ఉపవాసం మానలేదు సాబ్," అన్నాడు సఖావత్. "కోడలు పరేషాన్ అయితదని దాచిండు. సద్ది నాకిచ్చేది. మా రంజాన్ అప్పుడే అయిపోయింది. రోజా ఉండుడు ఏందో నాకు తెల్వదా? మా సురయ్యా రోజు మళ్లు కోసి గిన్నెడు పాలకూర వండిపెట్టింది. మాంసం లేని మనిషికి తాకత్ రావాలె గదా అని."

సరోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రేమ్ రాజ్ మాత్రం, ఆకుకూర తింటే పక్షవాతం వస్తదా సార్ అన్నాడు.

"ఆకుకూర మంచిదే," అన్నాడు మల్లేశ్వర్. "మాత్ర నెత్తురును గడ్డ కట్టనీయదు. పాలకూరలో గడ్డ కట్టించే విటమిన్ ఉంటుంది. ఎప్పుడూ కొంచెం తినే మనిషికి ఆ కొంచెం చూసుకునే డాక్టరు మాత్ర కొలత కడతాడు. ఒక్కసారిగా రోజుకు గిన్నెడు తింటే మాత్ర ఓడిపోతుంది. మంగలి గాటు వెంటనే ఆగిపోవడం అందుకే. లోపల గడ్డ తయారవుతుంటే పైకి ఆరోగ్యంగా కనిపించింది. మార్చి పరీక్ష చేయించుకుని ఉంటే తెలిసేది. ఉపవాసం బయటపడుతుందని ఆయన పోలేదు. మాత్రలు అసలువే, లెక్క సరిపోయింది, మింగానని ఆయనే చెప్పాడు. మీ మరదలు ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. గిన్నె మాత్రం ఈ ఇంటి చేతులు తోమింది కాదు, సురయ్యా తోమి పంపింది."

సురయ్యా మొహం పాలిపోయింది. తన చేతి వంటే జ్ఞానయ్యను పడేసిందని ఆమెకు అప్పుడే అర్థమైంది. వినీల తలుపు దగ్గరి నుంచి వచ్చి ఆమె పక్కన కింద కూర్చుంది.

"నీ తప్పు లేదక్కా. నేనే ఆ రోజు కొట్లాడకుండ, డాక్టరును అడిగి ఉపవాసం ఎట్ల ఉండాల్నో చెప్పిస్తే అయిపోతుండె."

ప్రేమ్ రాజ్ జేబులోని కాగితం తీశాడు. చింపబోయి, ఏమనుకున్నాడో వినీల చేతికే ఇచ్చాడు. నువ్వే చింపమ్మా, చింపే ముఖం నాకు లేదన్నాడు. ఆమె దాన్ని విప్పి చదవలేదు. నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేసి వచ్చింది. జ్ఞానయ్య ఎడమ చెయ్యి గాలిలో ఆమె కోసం తడుముకుంటుంటే, వెళ్లి పట్టుకుంది. నోరు తిరగక ఆయన ఏదో అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు, ఆమె ఒక్కతే సరే మామా అంది.

నేరం చేసినవాడు లేని కేసుకు ఏమని రాసుకోవాలని రేణుకమ్మ మెల్లగా అడిగింది. ఇద్దరు మంచి మనుషులు డాక్టరుకు చెప్పకుండా ఒక రహస్యం దాచారని రాయండి, చాలు, అన్నాడు మల్లేశ్వర్.

వాళ్లు లేవబోతుంటే సురయ్యా గొంతు వినిపించింది. "చెల్లె, ఇగ పాలకూర అసలు పెట్టొద్దా?"

"పెట్టక్కా. వారానికి రెండుసార్లు. కని ప్రతి వారం గంతే ఉండాలె."

సురయ్యా కుడి అరచెయ్యి గుంటగా పట్టి చూపింది. "గింత?"

వినీల ఆమె వేళ్లు మెల్లగా ముడిచి, సగం చేసింది. "గింత."

సురయ్యా ఆ సగం పిడికిలిని అట్లాగే పట్టుకుని, కొలత మరచిపోకుండా, రెండోసారి చూసుకుంది.