దబ్బనానికి అలవాటుపడ్డ చెయ్యి

పెళ్ళివారి పరుపు మూడో రోజుకే రిక్షాలో తిరిగొచ్చింది.

వెనకాలే బసవమ్మగారు నడిచి వచ్చింది. ఎప్పుడొచ్చినా నేరుగా వసారాలోకి వచ్చి మంచం మీద కూర్చుని మంచినీళ్ళడిగే మనిషి, ఆ రోజు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పర్చూరు చుట్టుపక్కల మిరపా, పత్తీ వేసే పెద్ద రైతు కుటుంబం వాళ్ళది. మూడు తరాలుగా వాళ్ళింట్లో ఏ పెళ్ళి జరిగినా పరుపు మదార్‌బీ ఇంట్లోనే కుట్టించేవాళ్ళు.

"మదార్‌బీ, ఏమనుకోకు. మీ కోడలి ఒంటిమీద పొట్టు రాలుతోందంట గదా. కొత్తగా పెళ్ళయిన పిల్లలు పడుకునే పరుపు. కుట్లూడదీసి, గుడ్డ మార్చి, ఈసారి నీ చేత్తో కుట్టివ్వు" అందామె. కోపంగా అనలేదు, మెల్లగానే అంది. మెల్లగా అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంటుందేమో... తలుపు చాటున ఉన్న కోడలు అనీసా అంతా వింది. మదార్‌బీ మాత్రం సరేనన్నట్టు తలూపి, పరుపు లోపలికి దింపించుకుంది. ఆ కుట్లు ఊడదీసే పని కూడా ఆ సాయంత్రం అనీసాకే పడింది. తను వేసిన కుట్టు తనే ఒక్కొక్కటీ కోసుకుంటూ కూర్చుంది.

వాళ్ళది దూది ఏకే కుటుంబం. మదార్‌బీ మామగారి రోజుల్లో విల్లు పట్టుకుని ఊరూరా తిరిగి ఏకేవాళ్ళు. కొడుకు ఇమాం హుస్సేన్ హయాం వచ్చేసరికి ఇంటి వెనక రేకుల షెడ్డులో మిషను పెట్టాడు. అతను ఏకి ఇస్తే అత్తాకోడళ్ళిద్దరూ పరుపులు కుట్టేవాళ్ళు. అనీసా పదహారేళ్ళప్పుడు కోడలై వచ్చింది. వచ్చిన ఏడాదికే అత్తని మించిన పనిమంతురాలైంది. ఆమె కుట్టిన పరుపు మీద వరసలు చూస్తే నాగలి సాళ్ళు గుర్తొచ్చేవి, అంత తిన్నగా ఉండేవి.

చిన్నవాడు పుట్టిన తర్వాత, ముందు మోచేతుల మీద రూపాయి బిళ్ళంత ఎర్ర మచ్చ లేచింది. దానిమీద తెల్లటి పొలుసులు. తర్వాత మోకాళ్ళు, నడుము, ఆఖరికి తల. ఏడేళ్ళు ఆకుపసర్లు పూసింది, దర్గాలో తాయెత్తు కట్టించుకుంది, వంకాయ మానేసింది, చేప మానేసింది. ఎవరో ఒకళ్ళు కుష్టేమోనని ఆ పాడు రోగం పేరెత్తారు... అంతే, ఇంట్లో ఎవరూ చెప్పకముందే తన గ్లాసు తనే వేరుగా పెట్టుకుంది. పిల్లల్ని దగ్గరికి తీసుకోవడం తగ్గించేసింది. అంతవరకూ ఓర్చుకుంది గాని, బసవమ్మగారు వచ్చి వెళ్ళాక మదార్‌బీ, "ఇకనుంచి నువ్వు దూదిలో గింజలు ఏరిపెట్టు, చాల్లే. కుట్టు నేను చూసుకుంటాను" అన్నప్పుడు మాత్రం ఆమె గుండె పగిలిపోయింది. అత్తగారి కళ్ళకి అప్పటికే మసక. అయినా ఆ మసక కళ్ళే నయమయ్యాయి గదా అని కుమిలిపోయింది.

ఇది రెండువేల నాలుగో సంవత్సరం మాట. కూతురు రిహానా తొమ్మిదో తరగతి చదివేది. ఆ పిల్లే స్కూల్లో టీచరమ్మని అడిగి, చీరాలలో చర్మం డాక్టరుగారున్నారని తెలుసుకుని, నాన్న వెంటపడింది. ఇమాం హుస్సేన్ మిషను ఒక పూట ఆపి భార్యని తీసుకెళ్ళాడు.

డాక్టరుగారు మచ్చల్ని చేత్తో ముట్టుకుని చూశారు. ఏడేళ్ళలో ఆమె మచ్చల్ని ముట్టుకున్న పరాయి మనిషి ఆయనొక్కరే. దీన్ని సోరియాసిస్ అంటారనీ, అంటుకునే జబ్బు కాదనీ, పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేననీ, అదుపులో పెట్టొచ్చనీ చెప్పారు. రాయబోయే మందు కడుపులో బిడ్డకి హాని చేస్తుందని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందో లేదో ముందే అడిగి తెలుసుకున్నారు. రక్తపరీక్షలు చేయించి, వారానికి ఒకరోజు వేసుకునే మాత్రలు రాసిచ్చారు. అవి వేసుకున్న మర్నాడు ఆమె కడుపులో మంచినీళ్ళు కూడా నిలిచేవి కావు. మూడు నెలలు చూసి, అదే మందు సూదిగా తీసుకుంటే వాంతులు తగ్గొచ్చన్నారు. వారానికి ఒక్కసారే, చర్మం కింద, ఎవరికి వారే వేసుకోవచ్చట. ఊళ్ళో సూదులేసే ఆర్.ఎం.పీ. ఆ సీసా పేరు చదువుకుని, ఇది తన చేతికి అలవాటు లేని మందనీ, తను వెయ్యననీ చెప్పేశాడు. వారం వారం చీరాల బస్సెక్కాలంటే అయ్యే పని కాదు. ఇక నేర్చుకోక తప్పలేదు.

నేర్పింది నర్సు సంతోషకుమారి. బత్తాయి పండు తెచ్చి దాని మీద గుచ్చించింది. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, తొడ మీద స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వాలి, చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని గుచ్చాలి, ఐదు లెక్కపెట్టి తియ్యాలి. "మూత తీశాక సూది దేనికీ తగలకూడదు, అది మాత్రం మర్చిపోకు" అని మరీ మరీ చెప్పింది. ఆస్పత్రిలో కాబట్టి అనీసా తల నిండా కొంగు కప్పుకుని, బుద్ధిగా చెప్పినట్టే వేసుకుంది. ఎంత తేలిగ్గా పట్టుకున్నావమ్మా అని నర్సు మెచ్చుకుంది కూడా. ఇరవై ఏళ్ళు సూదితో బతికిన మనిషి, పట్టుకోవడం ఎంతసేపు?

తప్పు జరిగింది కూడా అక్కడే. పరుపు గుడ్డ దళసరిగా ఉంటుంది. దబ్బనం ఊరికే దిగదు. అందుకని కుట్టేవాళ్ళు నాలుగైదు కుట్లకొకసారి దబ్బనాన్ని నూనె రాసుకున్న జుట్టులోంచి ఒకసారి దువ్వినట్టు తీస్తారు. ఆ జిడ్డుకి అది జారుతుంది. ఆ పని చెయ్యి చేస్తుందే గాని మనిషి చెయ్యదు. ఇంట్లో మంగళవారం మధ్యాహ్నం పీట మీద కూర్చుని, రిహానా కాగితం చూసి ఒక్కొక్క మాటా చదువుతుంటే, అనీసా పసుపుపచ్చటి మందు గీత దాకా లాగింది, తొడ తుడుచుకుంది, ఆరనిచ్చింది. గుచ్చబోయే ముందు చెయ్యి దానంతటదే తల మీదికి వెళ్ళి, సూదిని జుట్టులోంచి ఒక్కసారి లాగి కిందికి దిగింది. రిహానా చూపు కాగితం మీద ఉంది. అనీసాకి తను చేసిందే తెలియదు.

రెండు వారాలు ఎలాగో గట్టెక్కాయి. వాంతులు లేవు. మోచేతి మీద ఎరుపు కాస్త చప్పబడిందని ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ సంతోషం ఎవరికీ చెప్పకుండా దాచుకుంది, దిష్టి తగులుతుందని. మూడో వారం సూది వేసుకున్న చోట తొడ రాయిలా బిగిసింది. రెండు రోజుల్లో కోడిగుడ్డంత గడ్డ, ఒళ్ళు కాలిపోయే జ్వరం. చీరాలలో కోసి చీము తీశారు. పుండు మానేదాకా ఆ మందు ఆపి, తర్వాత మళ్ళీ మొదలుపెట్టాలన్నారు.

ఆ "మళ్ళీ" అన్న మాట ఇమాం హుస్సేన్ చెవికెక్కలేదు. మిగిలిన సీసా తీసి షెడ్డులో ఎక్కడో పెట్టేశాడు. అది విషం మందనీ, తన ఇంట్లో ఇంకెవరూ దాని పేరెత్తకూడదనీ అన్నాడు. మదార్‌బీ కూడా కొడుక్కే వంతపాడింది.

"పొట్టు రాలితే రాలనీ. నువ్వు బతికుంటే నాకంతే చాలు" అన్నాడు భార్యతో. ఎప్పుడూ ఇంత మాట మాట్లాడని మనిషి.

అనీసా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "బతకడమంటే మూల కూర్చుని గింజలేరుకోవడమేనా?" అంది. "నా బిడ్డ తల దువ్వి ఎన్నేళ్ళయిందో మీకు తెలుసా... దాని జుట్టు ఇప్పుడెంత పొడుగుందో నా చేతికి తెలియదు."

అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు.

కట్టు మార్పించే రోజున మిల్లు నుంచి లోడు వచ్చింది. అందుకని మదార్‌బీయే కోడల్ని వెంటబెట్టుకుని బస్సెక్కింది. దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కట్టు కట్టడం అయ్యాక సంతోషకుమారికి అనుమానమొచ్చింది. ఇంత మంది చేత వేయిస్తున్నాను, ఎవరికీ గడ్డ లేవలేదు, ఈమెకెందుకు లేచింది? ఖాళీ సిరంజిలో మంచినీళ్ళు నింపి చేతికిచ్చి, ఇంట్లో ఎలా వేసుకుంటావో అచ్చం అలాగే చేసి చూపించమంది. ఉక్కపోతకి అనీసా కొంగు భుజం మీదికి జారి ఉంది. కూర్చుంది, మూత తీసింది. చెయ్యి పైకి వెళ్ళింది.

నర్సు ఆ మణికట్టు పట్టుకుంది. "ఆగమ్మా. ఇప్పుడేం చేశావు?"

"ఏం చెయ్యలేదే" అంది అనీసా. నిజంగానే ఆమెకి తెలియదు.

ఇంకో కొత్త సూది ఇచ్చి మళ్ళీ చెయ్యమంది. మళ్ళీ చెయ్యి తల దాకా వెళ్ళి వచ్చింది. నూనె, దుమ్ము, పొలుసులు అన్నీ సూదికి పూసుకుని దిగింది. సంతోషకుమారికి ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్ళు చెమర్చాయి. "నీ తొడేమన్నా పరుపనుకున్నావా తల్లీ, నూనె పూసి దింపడానికి" అంది.

అనీసా తన చేతిని తనే వింతగా చూసుకుంది. పక్కన బల్ల మీద కూర్చున్న మదార్‌బీ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని, నేరుగా షెడ్డులోకి వెళ్ళి కొడుకు చేత మిషను ఆపించింది.

"మందెక్కడ పెట్టావురా?"

"అమ్మా, మళ్ళీ ఆ గొడవెందుకు..."

"తప్పు మందుది కాదు. నేను నేర్పిన చెయ్యిది." ఆమె దూది మూటకి ఆనుకుని కూర్చుంది. "పదహారేళ్ళ పిల్ల. దబ్బనానికి నూనె పట్టించకుండా కుడుతోందని చేతిమీద కొట్టాను. ఒకసారి కాదు, అలవాటయ్యేదాకా కొట్టాను. ఆ చెయ్యి ఇన్నేళ్ళు మన పొయ్యి వెలిగించింది. ఇంజక్షనుకీ అదే పని చేసిందిరా, పిచ్చిది."

ఇమాం హుస్సేన్‌కి అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆమె ఆగలేదు.

"ఏడేళ్ళు దాని పక్కన మోకాలికి మోకాలు తగిలించుకుని కుట్టాను. నాకొచ్చిందా? ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అయినా బసవమ్మగారు గుమ్మంలో నిలబడి ఆ మాటంటే నోరు విప్పలేదు. బేరం పోద్దని భయపడ్డాను. ఆ రోజు దాని చేతే కుట్లు ఊడదీయించాను..."

గుమ్మం అవతల అనీసా నిలబడి అన్నీ వింది. ఏడుపు తన్నుకొచ్చింది గాని, ఈసారి ఆ ఏడుపులో చేదు లేదు.

పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. రక్తపరీక్ష చూసి డాక్టరుగారు సరేనన్నారు. మంగళవారం భోజనాలయ్యాక మదార్‌బీ ఉతికిన పాత పంచె ముక్క తెచ్చి, కోడలి తల చుట్టూ ఒక్క వెంట్రుక కనపడకుండా బిగించి కట్టింది. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, రిహానా చేతిలో కాగితం పక్కన పెట్టించి, కళ్ళు ఆ చేతి మీదే ఉంచమంది. సూది మూత తియ్యగానే చెయ్యి భుజం దాకా లేచింది. "అమ్మా" అంది రిహానా. చెయ్యి గాల్లో ఆగింది. అనీసా ఊపిరి తీసుకుని దాన్ని కిందికి దించింది. గుచ్చింది. ముగ్గురూ కలిసి ఐదు లెక్కపెట్టారు.

మంగళవారాలు గడిచాయి. నాలుగు నెలలకి మచ్చలు పలచబడ్డాయి. పూర్తిగా పోలేదు. చలికాలంలో మోకాళ్ళ మీద మళ్ళీ కాస్త లేచాయి, మళ్ళీ తగ్గాయి. రక్తపరీక్షలు నెల నెలా సాగుతూనే ఉన్నాయి. రిహానా స్కూలుకి రెండు జడలతో వెళ్ళడం మొదలుపెట్టింది. ఎవరు వేశారో అడక్కుండానే ఊరందరికీ చెప్పుకుంది.

మాఘమాసంలో పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. దర్శి వైపు నుంచి పేరయ్య అనే రైతు కూతురి పెళ్ళికని గుడ్డా దూదీ బండిలో వేసుకొచ్చాడు. ఎవరు ఏం చెప్పారో గాని, వసారాలో నిలబడి అటూ ఇటూ చూశాడు.

"కుట్టేది ఎవరమ్మా?"

"మా కోడలు" అంది మదార్‌బీ. "దానికి చర్మం జబ్బుంది. అంటుకునేది కాదు. మందు వాడుతోంది. నా కుట్టు కావాలంటే వరస వంకరపోద్ది, నాకు కళ్ళు కనపడవు."

అతను గొణిగాడు. పెళ్ళివారు ఏమంటారోనన్నాడు. పెద్దావిడే ఎలాగోలా కుట్టిస్తే బాగుంటుందన్నాడు. మదార్‌బీ ఔననలేదు. చివరికి బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆమె పిలవలేదు.

అనీసా లోపల్నుంచి పరుగున వచ్చింది. "ఎందుకత్తా ఇట్లా చేశావు? నువ్వే కుడతానంటే పోయేదిగా. నేనేమీ అనుకునేదాన్ని కాదు."

"నువ్వు అనుకోవు. నేను అనుకుంటాను" అంది మదార్‌బీ. లోపలికి వెళ్ళి ఇంట్లో ఉన్న చారల గుడ్డ తాను తెచ్చి వసారాలో పరిచింది. "మూడు తరాలుగా ఊరందరికీ కుట్టాం. మనింట్లో అందరం బొంతల మీదే పడుకుంటున్నాం. నాకు నడుం నెప్పి. నాకొక పరుపు కావాలి."

"ఎవరు కుట్టాలి?" అంది అనీసా.

మదార్‌బీ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కిందికి ఒంగి, ఆ గుడ్డ మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు బారజాపింది.

"కొలుచుకో" అంది.