దిద్దిన వాక్యం

"గేట్లు మూయడానికి ఇంకా ఇరవై ఆరు నిమిషాలే! పోలింగ్ బూత్‌లన్నీ ఖాళీ!" రిసీవర్‌లో చీఫ్ అరిచాడు. "ఆ వాయిదా పోస్ట్ అబద్ధమని టీవీలో ఎంత చెప్పినా ఒక్కడూ వినడం లేదయ్యా!"

లిఫ్ట్ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ నాలుగో అంతస్తు తలుపు తన్ని లోపలికి దూకాడు. విదేశీ ముఠా ఆపరేటర్లు ఇద్దరు చేతులెత్తేశారు. మూడో కుర్చీలోని అందగత్తె మాత్రం కాలు మీద కాలు వేసుకుని నవ్వింది. ముఠా జీతం తింటూ చీఫ్‌కి రహస్యాలు చేరవేసే డబుల్ ఏజెంట్ ఆమె. కోడ్‌నేమ్ నెమలి.

"సర్వర్ ఆపెయ్!"

"ఎప్పుడో ఆపేశాను. పోస్ట్ ఇప్పుడు జనం చేతుల్లో ఉంది, నా చేతిలో లేదు."

ఆమె స్క్రీన్ తిప్పింది. 'పోలింగ్ రేపుకి వాయిదా వేయబడి ఉండెను.'

"పొద్దుట్నుంచీ తిప్పారు. ఈ తెలుగు చూసి అందరూ నవ్వారే తప్ప ఎవరూ నమ్మలేదు. మధ్యాహ్నం ఎవరో మహానుభావుడు శుభ్రంగా దిద్దిపెట్టాడు, 'పోలింగ్ రేపటికి వాయిదా పడింది' అని. ఒక్క ఫ్యామిలీ గ్రూప్ నుంచి లక్ష ఫోన్లకి!"

ఏజెంట్ ఆ దిద్దుబాటును గుర్తుపట్టాడు. మధ్యాహ్నం పిన్ని ఫ్యామిలీ గ్రూప్‌లో ఆ పోస్ట్ పెట్టి, 'నిజమేనా నాయనా?' అని అడిగింది. తప్పు తెలుగు కనబడితే అతను ఊరుకోలేడు. వాక్యం దిద్ది, 'ఇలా ఉండాలి పిన్నీ' అని తిప్పి పంపాడు. అబద్ధమని మాత్రం చెప్పలేదు. అంత నాసిరకం అబద్ధాన్ని ఎవరు నమ్ముతారులే అనుకున్నాడు.

వెంటనే పిన్నికి ఫోన్ చేశాడు.

"పిన్నీ, పోలింగ్ ఇవాళే!"

"అదేంట్రా! మావాడు గవర్నమెంట్ ఆఫీసరు, వాడే చెప్పాడని ఊరంతా చాటానే! ఎవడో నీ ఫోన్ హ్యాక్ చేసుంటాడు. పాపం, నీ తప్పేముంది?"

నెమలి కనుబొమ ఎగరేసింది. నేరం హ్యాకర్ మీదకి నెట్టి తప్పించుకోవడానికి ఏజెంట్‌కి దారి దొరికింది. కానీ హ్యాకైన ఫోన్ నుంచి వచ్చే రెండో మాటను మాత్రం ఎవరు నమ్ముతారు?

తల దించుకుని, ఫ్యామిలీ గ్రూప్ తెరిచి, వాయిస్ బటన్ నొక్కాడు. పోలింగ్ ఇవాళేనని, ఆ వాక్యం దిద్దింది తనేనని పన్నెండు సెకన్లు మాట్లాడాడు. ఒక్కో సెకనూ ఒక్కో చెప్పుదెబ్బ.

పిన్ని దాన్ని అన్ని గ్రూపులకీ పంపింది. గేట్లు మూయడానికి రెండు నిమిషాల ముందు, బూత్‌ల సీసీటీవీలో జనం ఆయాసపడుతూ క్యూల్లో చేరుతున్నారు.

"శభాష్!" అన్నాడు రిసీవర్‌లో చీఫ్. "ఆ పోస్ట్ దిద్దినవాడు దొరికాడా? ఏ దేశంవాడు?"

"మన దేశమే సార్. మన డిపార్ట్‌మెంటే."

"ఎవడయ్యా వాడు?"

"మా పిన్నికి అక్క కొడుకు సార్... నేనే."