పద్మారాణి పంపిన ప్యాచ్

"పద్మారాణికి ఏమన్నా అయితే నీ మొహం నేను చూడ, శివశంకర్."

గూఢచారి యూనిట్ చీఫ్ సుమిత్రమ్మ గొంతు పెంచలేదు. అతనికి అదే భయం పుట్టించింది.

అనంతగిరి రిసార్ట్ కిచెన్ వెనక కోల్డ్ రూమ్. దాని వెనక సీక్రెట్ కంట్రోల్ రూమ్. శివశంకర్ ఇంకా వెయిటర్ వేషంలోనే ఉన్నాడు.

"తాండూరు నాపరాళ్ల ఆఫీసు విదేశీ ముఠాది. బాస్ పక్కన పట్టుచీరల నవ్వుకుంట తిరిగే పద్మారాణి మన మనిషి. పొద్దున ఒక లారీల బాంబు పెట్టి వికారాబాద్ స్టేషన్‌కు తోలిండ్రు. ఏ లారీనో ఆమె తన చెవి దుద్దు ట్రాన్స్‌మిటర్‌తోని పంపింది. మనకెందుకు రాలె?"

స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలు: మెసేజ్ పూర్తయింది. ఇన్‌బాక్స్ మాత్రం ఖాళీ.

శివశంకర్‌కి విషయం అర్థమైంది. యూనిట్ సర్వర్ నడిచేది ఒక ఓపెన్ సోర్స్ వెబ్ సర్వీసెస్ ఇంజన్ మీద; దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, తప్పులు చెప్పొచ్చు. దాని బాగోగులు చూసే మెయింటెయినర్లలో అతనొకడు. ప్రతి మెసేజ్, పంపింది మన మనిషేనా అని చూసే సంతకం తనిఖీ దగ్గర ఆగాలి, తనిఖీ అయ్యాక ఆగిన చోటు నుంచే కదలాలి. కానీ ఇంజన్ ఆగిన మెసేజ్‌ని పూర్తయిన మెసేజ్‌గా లెక్కేసి పక్కన పడేస్తోంది.

"గీ బగ్ సంగతి ఎవ్వరూ చెప్పలేదా?"

అతను తల దించుకున్నాడు. "పోయిన నెల చెప్పారు మేడం. దాన్ని సరిచేసే కోడ్, ప్యాచ్ కూడా పంపారు. ఇది బగ్ కాదు, ముందు మాన్యువల్ చదవండి అని రాసి మూసేశాను."

"ఎవరు పంపింది?"

"చంద్రవ్వ అని ఎవరో..."

సుమిత్రమ్మ కళ్లు మూసుకుంది. "పద్మారాణికి నేను పెట్టిన కోడ్ నేమ్ అది. ఆమె ఫోన్ ముఠా చూస్తది. మనతోని మాట్లాడనీకి ఆమెకు దొరికిన చోటు, ఎవ్వలైనా రాసే ఆ ఇంజన్ పేజీ ఒక్కటే."

శివశంకర్ రాసిన ఆ వెక్కిరింపు జవాబుకి ముగ్గురు నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ రోజంతా వాటిని చూసుకుని మురిసిపోయాడు. ఇప్పుడు చెవులు కాలిపోతున్నాయి.

ఫోన్ మోగింది. ధారూర్ రోడ్డు మీద పంక్చర్లు వేసేవాడి వేషంలో ఉన్న యూనిట్ మనిషి మొగులప్ప.

"అన్నా, అన్నీ నాపరాళ్ల లారీలే! ఏది ఆపాలె? అన్నీ ఆపితే ముఠాకు తెల్సిపోతది. ఆ అక్కను ఆడ్నే ఖతం జేస్తరు!"

శివశంకర్ ఆమె ప్యాచ్ తెరిచాడు. చిన్నదే. మెసేజ్ ఆగి ఉంటే పూర్తయిందని చెప్పొద్దు, ఆగిన చోటు గుర్తు పెట్టుకో. అలవాటు కొద్దీ, ఆ కోడ్‌లో ఆమె పెట్టిన ఒక పేరు మార్చబోయి, సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు.

సర్వర్ మళ్లీ లేచింది. డిస్క్‌లో పడి ఉన్న మెసేజ్‌ని మళ్లీ లోపలికి తోశాడు. ఆగింది. సంతకం సరిపోయింది. కదిలింది.

స్క్రీన్ మీద పద్మారాణి మెసేజ్: నీలం టార్పాలిన్. ముందు అద్దానికి నిమ్మకాయల దండ. డ్రైవర్‌కేమీ తెలీదు.

"మొగులప్పా, నీలం టార్పాలిన్! నిమ్మకాయల దండ!"

"ఆగు... గదో, వస్తుంది!"

మొగులప్ప రిమోట్ నొక్కగానే రోడ్డులో దాచిన మేకు పైకి లేచింది. టైరు ఠప్‌మంది. చూసేవాళ్లకి అది వట్టి పంక్చర్. మొగులప్ప జాకీ పట్టుకుని లారీ కిందికి దూరాడు. ఫోన్‌లో వైరు తెంపిన కటింగ్ ప్లయర్ చప్పుడు.

"టైమర్ ఆఖరి సెకను మీద ఆగిందన్నా. డ్రైవర్ నన్ను పంక్చర్ తొందరగా వెయ్యమని తిడుతున్నడు."

శివశంకర్ మూసేసిన బగ్‌ని తిరిగి తెరిచాడు. 'తప్పు నాదే. క్షమించండి. మీ ప్యాచ్ చేర్చాను' అని అందరికీ కనిపించేలా రాశాడు.

కాసేపటికి చంద్రవ్వ జవాబు వచ్చింది.

'ఫికర్ చెయ్యకుండ్రి. మీరు చెప్పినట్టే మాన్యువల్ చదివిన. అండ్ల గూడ తప్పులున్నయి. పంపమంటరా?'