తల్లిగారి చీర మీద గులాబీలు

అత్త చచ్చిన ఆర్నెల్లకు కోడలి కంట నీళ్లు వచ్చాయని సామెత. మంగవ్వ పోయి తొమ్మిది నెలలైనా సుకన్య కంట ఒక్క చుక్క రాలేదు. ఎందుకు వస్తుంది? పన్నెండేళ్ల కాపురంలో ఆ అత్త చేతి నుంచి జాకెట్ గుడ్డయినా అందుకోలేదామె.

ఎల్లారెడ్డిలో ఆ మధ్యాహ్నం ముసురు పట్టి కరెంటు పోయింది. మొగుడు శ్రీకాంత్‌కు కామారెడ్డిలో కొలువు, సాయంత్రం బస్సుకు గాని రాడు. సుకన్య కిటికీ దగ్గర పీట వేసుకుని, ఆకుపచ్చ పట్టుగుడ్డను చెక్క రింగులో బిగించి, సోఫా దిండు గలీబు మీద ఎర్రదారంతో గులాబీలు కుడుతోంది. ఈ ఇంట్లో తనదంటూ ఒక్క వస్తువైనా కనబడాలని ఆమె పంతం.

ఆ గుడ్డ సంగతి శ్రీకాంత్‌కు తెలియదు. ఆడమనిషి పోతే తల్లిగారింటి చీర కప్పి సాగనంపాలి. దోమకొండలో మంగవ్వ తల్లిగారింట చీర తెచ్చేవాళ్లెవరూ మిగల్లేదు. అందుకే అన్న ఎప్పుడో పెట్టిన పట్టుచీరను పెట్టె అడుగున దాచుకుని, "నేను పోయిననాడు ఇది నా మీద కప్పు బిడ్డా" అని కోడలికి చెప్పుకుంది. సుకన్య తలూపింది. తీరా ఆ రోజు వచ్చాక బజారులో తెప్పించిన నూలు చీర కప్పించి, పట్టుచీర తన బీరువాలో పెట్టుకుంది. పోయినవాళ్లు అడగొస్తారా అనుకుని, ఇప్పుడు దాన్నే గలీబుకు కోసింది.

సూదిని పైనుంచి గుచ్చి, రింగు కిందికి చెయ్యి పోనిచ్చి అందుకుని, మళ్లీ పైకి గుచ్చాలి. అట్లా రెండు రేకులు అయ్యాయి. మూడో రేకు దగ్గర సూది కిందికి దిగింది... ఆమె చెయ్యి ఇంకా పైనే ఉంది.

సూది పైకి వచ్చింది.

గదిలో తడిమట్టి వాసన. దాంట్లోనే, మంగవ్వ బుగ్గన పెట్టుకునే తంబాకు వాసన.

దారం దానంతట అదే బిగిసింది. సూది దిగింది... వచ్చింది... దిగింది. తనకెన్నడూ రానంత సన్నటి కుట్టు. రింగు వదిలేద్దామంటే వేళ్లు విడలేదు.

"అత్తమ్మా... కోసిన చీర ఎట్ల ఇయ్యాలె?"

సూది ఆగలేదు. అంత భయంలోనూ ఆమె కడుపు మండింది.

"మూడేండ్లు నీ పక్కబట్టలు ఉతికిన," అంది గుసగుసగా. "ఒక్క గుడ్డ పెట్టినవా?"

ఒళ్లోంచి, రింగు కిందనుంచి, మెల్లగా వినబడింది.

"ఇప్పుడు పెడుతున్న బిడ్డా. కట్టుకో."

శ్రీకాంత్ వచ్చేసరికి కరెంటు వచ్చింది. సుకన్య పీట మీదే ఉంది, రెప్ప వేయకుండా.

"ఏందే, గట్ల కూసున్నవ్?" అంటూ అతను రింగు అందుకున్నాడు. దానితో పాటు ఆమె చీర కుచ్చిళ్లు కూడా లేచాయి. ఒళ్లో పెట్టుకుని కుట్టేవాళ్లకు ఇది మామూలే, కింది బట్ట కలిసిపోతుంది. అతను నవ్వి, కత్తెర తెచ్చి దారం తెంపాడు. తర్వాత కుచ్చిళ్లు పక్కకు తీసి చూశాడు.

కుట్టు చీరతో ఆగలేదు. లంగాలోంచి కూడా దిగింది. దారం మొదటి ముడి అక్కడ, లోపలివైపు, ఆమె ఒంటికి ఆనుకుని ఉంది.

"సుకన్యా... ఇది ఎటునుంచి కుట్టినవ్?"

అతను ఇప్పుడే తెంపిన ఎర్రదారం కొస, అతను చూస్తుండగానే, కొంచెం కొంచెంగా ఆమె ఒంటి లోపలికి పోతోంది.