టమాటా కట్టెలు దాటిన గౌరి

కొట్టం ఊడవాలి. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి గౌరి వెనక కాలికి కాపడం పెట్టాలి. టమాటా మొక్కలకు ఊతంగా పాతే కట్టెలు నేల మీద వరుసగా పరచాలి. పచ్చగడ్డి మాత్రం కట్టెలకు ఆ చివర పెట్టాలి, గౌరి దగ్గర కాదు.

శనివారం మధ్యాహ్నం కుప్పం బస్సెక్కబోతూ సుప్రియ చెప్పిన పనులివి. అక్కడ ఒక ఎద్దుకు భుజం పట్టేసిందని ఫోన్ వచ్చింది. రేపు సాయంత్రానికి గానీ రాలేనంది. వర్షిత అన్నింటికీ తలూపింది.

సుప్రియ వర్షితకు చిన్నమ్మ. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. పశువైద్యం చదివి, ఆపైన జంతువులకు ఫిజియోథెరపీ నేర్చుకుంది. అంటే, దెబ్బ తగిలి బిగుసుకుపోయిన కాళ్లకు మళ్లీ నడక నేర్పే పని. మదనపల్లెలో పాత టమాటా గోడౌన్ బాడుగకు తీసుకుని బోర్డు పెట్టింది. ఆవుకు ఎక్సర్‌సైజులా అని నవ్విపోయినవాళ్లే గానీ పశువును తోలుకొచ్చినవాళ్లు లేరు.

మొదట వచ్చింది పుంగనూరు రాజమ్మవ్వ. తన పొట్టి దూడ గౌరిని ఆటోలో తెచ్చింది. గుంతలో పడి దాని కాలు విరిగింది. ఎముక అతుక్కుంది, డాక్టరు కట్టు విప్పేశాడు. అయినా గౌరి ఆ కాలు నేలకు ఆనించడం లేదు.

"సోమవారం వస్తానమ్మా. అప్పటికి నడవకుంటే మా పిల్లోడు అమ్మేస్తానంటాండాడు" అంటూ అవ్వ సుప్రియ చెయ్యి పట్టుకుంది.

వర్షిత అన్నీ చెప్పినట్టే చేసింది. ఆ చివర గడ్డి చూసి గౌరి లేచింది. మొదటి కట్టె దాటబోయి కూలబడింది. అంబా అని అరిచింది. మళ్లీ లేచి మళ్లీ కూలబడింది.

వర్షిత కళ్లలో నీళ్లు తిరిగాయి. కట్టెలన్నీ తీసి గోడకు ఆనించింది. గడ్డి తెచ్చి గౌరి మూతి దగ్గరే పెట్టింది. గౌరి పడుకునే తినింది. ఆదివారం కూడా అలాగే మేపింది.

సాయంత్రం సుప్రియ వచ్చి గౌరిని లేపబోయింది. అది కదల్లేదు. గడ్డి కోసం వర్షిత వైపే చూసింది.

"కట్టెలు యాల తీసేసినావు?"

"పడిపోతాండాది చిన్నమ్మా. పాపం, ఏడ్చింది."

సుప్రియ కోప్పడలేదు. దూడ కాలు నిమురుతూ కూర్చుంది.

"పోయినేడు నీ చెయ్యి విరిగింది కదా. కట్టు విప్పినాక మురుకుల డబ్బా యాడ ఉండింది?"

వర్షితకు బాగా గుర్తు. మోచెయ్యి కదిపితే నొప్పని అమ్మే అన్నం తినిపించేది. చిన్నమ్మ సెలవులకు వచ్చి మురుకుల డబ్బాను గూట్లో పెట్టింది. అది చేతికి అందాక పై అరలో పెట్టింది. అదీ అందాక ఇంకా పైన. చిన్నమ్మ పిసినారిదని వర్షిత అమ్మతో చెప్పుకుని ఏడ్చింది కూడా.

వర్షిత మెల్లగా చెయ్యి పైకెత్తింది. అది తల మీదుగా తిన్నగా లేచింది.

"అందుకా చిన్నమ్మా?"

"లేకుంటే? నేనే దాచుకుని తింటాననుకున్నావా దొంగా?" అని సుప్రియ నవ్వింది.

వర్షిత గోడ దగ్గరికి వెళ్లి ఒకే ఒక్క కట్టె తెచ్చింది. దాన్ని గౌరి ముందు పరిచి, గడ్డితో అవతల కూర్చుంది. గౌరి అరిచింది. గడ్డి ముందుకు జరపాలని వర్షితకు చెయ్యి లాగింది. ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది.

చాలాసేపటికి గౌరి లేచింది. తూలింది. వెనక కాలు నేలకు ఆనింది. కట్టె దాటి వచ్చి వర్షిత ఒళ్లోని గడ్డి లాక్కుంది.

సోమవారం రాజమ్మవ్వ వచ్చేసరికి గౌరి కుంటుతూనే రెండు కట్టెలు దాటి ఎదురొచ్చింది. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇంక అమ్మే మాటే లేదని, బాగయ్యేదాకా ఇక్కడే ఉండనిమ్మని సుప్రియతో చెప్పింది. ముద్దొచ్చి, గడ్డి పిడికెడు తీసి గౌరి నోటికి అందించబోయింది.

వర్షిత అవ్వ చెయ్యి మెల్లగా పట్టుకుంది.

"ఈడొద్దు అవ్వా. ఆడ పెడదాం రా. అదే వస్తాది, సూడు."

ఆ సాయంత్రం ఇంట్లో వర్షిత పై అరలోంచి మురుకుల డబ్బా తనే దించి, మొదటి మురుకు చిన్నమ్మ చేతిలో పెట్టింది.

మీకు అందనంత ఎత్తులో డబ్బా పెట్టి, పక్కనే నిలబడి చూసినవాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. ఈసారి మురుకు కొరికేటప్పుడు వాళ్లను ఒక్కసారి తలచుకోండి.