కప్పు విప్పని ఇల్లు

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే వెంకట్రాజం ఆ రోజు పని మానుకుని, పొద్దున్నే బండెడు తాటికమ్మలు తెచ్చి వాకిట్లో దించాడు. అది పందొమ్మిది వందల ఎనభై నాలుగు. వానలు మొదలయ్యే మిరుగు కార్తెకు ఇంకా పది రోజులే ఉంది. ఇంటి పైకప్పు పుచ్చిపోయి, పడుకుంటే చుక్కలు కనిపిస్తున్నాయి.

తల్లి సమ్మమ్మ చేతిలో చాట పక్కన పడేసి, నిచ్చెనకు అడ్డంగా నిలబడింది. వాడలో ఆమె నోటికి జడవనివాళ్లు లేరు.

"కోడలు కడుపుతోని ఉంటే ఇంటి కప్పు విప్పుతవారా? కాన్పయినంకనే ఏదైనా."

"కాన్పు శ్రావణంల అవ్వా. అప్పటిదాక వాన ఆగుతదా?"

"గోనె సంచులు కప్పుదాం. ఆచారం తప్పితే పిల్లకు అరిష్టం."

క్వింటాలు బస్తా అవలీలగా ఎత్తే మనిషి, తల్లి మాటకు నిచ్చెన దించేశాడు.

కోడలు సుగుణకు తల్లి లేదు, కాన్పుకు పోవడానికి పుట్టిల్లు లేదు. పెళ్లయిన మూడేళ్లలో అత్తకు ఎదురుచెప్పి ఎరుగదు. ఆ రోజు చెప్పింది.

"కాకి గుడ్లు పెట్టకముందే గూడు కట్టుకుంటది. ఊరకుక్క సుత ఈనే ముందు పొడి జాగ చూసుకుంటది. నేను వానల కనాల్నా అత్తా?"

"కుక్కకు ఆచారమెక్కడిది? నేను గీ ఇంట్లనే కనలేదా? మా అత్త మాట దాటిన్నా?"

"అప్పుడు గూడ కప్పు విప్పలేదా?"

"లేదు. పెద్దపిల్ల కడుపుల ఉన్నప్పుడు మీ మామ ఎంత మొత్తుకున్నా, మా అత్త విప్పనియ్యలే..."

తనకంటే ముందు ఒక అక్క పుట్టి పోయిందని వెంకట్రాజం విన్నాడు గానీ, ఎట్లా పోయిందో ఎవరూ చెప్పలేదు.

"అక్క ఎన్ని దినాలు బతికింది అవ్వా?"

"పందొమ్మిది. వాన నా పక్క మీదనే కారేది. ఏ మూలకు జరిగినా తడే. పిల్లకు దగ్గు పట్టింది, ఒళ్లు సల్లబడ్డది. ఇరవయ్యొకటో దినం పేరు పెడ్దామనుకున్నం."

ముప్పై ఏళ్లుగా ఆమె ఆ చావును నుదుటి రాతకే అంటగట్టింది. వానను ఒక్కసారి కూడా తప్పుపట్టలేదు, అత్తనైతే అసలే లేదు. ఇప్పుడు కోడలి కడుపు వైపు చూసి, కొడుకు దించిన నిచ్చెనను తనే మళ్లీ గోడకు ఆనించింది.

"విప్పురా," అంది కొడుకుతో. "పాపమొస్తే నాకు రానీ."

పాత కమ్మలు ఊడిపడుతుంటే, సుగుణను దుమ్ముకు దూరంగా తీసుకెళ్లి కూర్చోబెట్టింది. పక్కనే తనూ కూలబడింది.

"పేరన్న పెట్టకపోతి బిడ్డా," అంటూ, ఆనాడు అత్త ముందు ఏడవలేక దాచుకున్న ఏడుపంతా కోడలి భుజం మీద ఏడ్చింది.